పేల కొఫ్తె

ఉల్విక్
1973 జనవరి 28

చెల్లీ రాగ్నా,

నువ్వూ, క్లెమెత్ మరిదీ, రిస్తెనూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నేనూ గొర్రెలూ కులాసా. నాకంటే గొర్రెలే నయం, వాటికి మోకాళ్ళ నొప్పుల్లేవు.

ముందు పని మాట. రిస్తెన్ కొలతలు పంపమని క్రిస్మస్ కార్డులో రాశాను. కింద గీత కూడా గీశాను. నువ్వు అక్కడ చలి ఎంతుందో రాశావు గాని కొలతలు రాయలేదు. ఉత్తరాన ఆ మూల కాపురముంటే చలేస్తుందని నాకు ఇక్కణ్ణుంచే తెలుసు. పిల్ల ఛాతీ, నడుము, భుజం నుంచి నడుం దాకా పొడుగు, ఇవి కావాలి నాకు. ఈస్టర్‌కి చర్చిలో పిల్ల కన్ఫర్మేషన్ పెట్టుకుని ఇంత నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చున్నావో నాకర్థం కాదు.

పిల్లకి కుడుతున్న బునాద్ దాదాపు అయిపోయినట్టే. నల్ల స్కర్టు అయింది. తెల్ల ఏప్రన్ మీద దారప్పని మొన్ననే ముగించాను. గుండెల మీద పెట్టే పూసల గుడ్డ అమ్మదే ఉంది, అమ్మ వెండి పిన్ను కూడా తోమి పెట్టాను. మిగిలింది ఎర్ర రవికె, లీవ్, అదొక్కటే. లీవ్ లేని బునాద్ ఏం బునాదే? మన ఇంటి ఆడపిల్లలందరూ ఈ లోయ బునాద్ వేసుకునే పాస్టరు ముందు నిలబడ్డారు. నీ పెళ్ళికి మాత్రం నువ్వూ నీ మొగుడూ బూడిదరంగు కోట్లలో, కోర్టుకొచ్చిన సాక్షుల్లా నిలబడ్డారు. పోనీలే, అది అయిపోయింది. నాకు పిల్లల్లేరు. ఇది వేసుకునేది ఇక రిస్తెన్ ఒక్కతే. రెండు చలికాలాలు దీని మీదే కూర్చున్నాను, ఆ పిల్ల ఇది వేసుకుని చర్చి మెట్లు ఎక్కుతుంటే కళ్ళారా చూడాలి.

మిగతా పొద్దంతా హోటలువాళ్ళ కొట్టుకి ఉన్ని చలికోట్లు, కొఫ్తెలు, అల్లుతున్నాను. టూరిస్టులందరికీ నల్ల ఉన్ని మీద తెల్ల చుక్కలున్న పేల కొఫ్తెలే కావాలట. పేలు, పేలు, ఎటు చూసినా పేలు, కళ్ళు పోతున్నాయి నాకు. పోయిన వేసవిలో ఒక జర్మనావిడ దాని పేరుకి అర్థమేమిటని అడిగింది. పేనంటే పేనే, ఆ చుక్కలు పేలలా ఉంటాయని ఆ పేరు అన్నాను. వేసుకున్నది గబగబా విప్పి, ఒళ్ళు దులుపుకుని మరీ వెళ్ళింది.

ఓడకి టిక్కెట్టు తీశాను, ఈస్టర్‌కి వస్తున్నాను. ఫోను మాత్రం చెయ్యకు. ఊరంతటికీ ఫోను ఊలినా కొట్లోనే ఉంది. నేననేదీ ఆవిడే వింటుంది, నువ్వనేదీ ఆవిడే వింటుంది.

కొలతలు. మర్చిపోకు.

నీ అక్క
సిన్నెవా

*

కౌతొకైనొ
1973 ఫిబ్రవరి 15

అక్కా,

తిట్టకు. కొలతలు వెనక పేజీలో రాశాను. మాకు చలికాలంలో చాలా రోజులు సూర్యుడే కనబడడు, మళ్ళీ మొహం చూపించి ఎంతో కాలం కాలేదు. అప్పటిదాకా లేచి పొయ్యిలో కట్టె వెయ్యడమే గొప్ప.

ఇంకో సంగతి. నీకు ఎలా రాయాలో తెలీక ఇన్నాళ్ళు నాన్చాను, కొలతలు ఆలస్యమైంది కూడా అందుకే. రిస్తెన్ చర్చిలో కొఫ్తె వేసుకుంటానంటోంది. మా అత్తగారు శరత్కాలం నుంచీ దాని మీదే ఉంది. ఎర్ర పట్టీలు వెయ్యడం ఒక్కటే మిగిలింది.

కోపం తెచ్చుకునే ముందు ఇది చదువు. క్లెమెత్ ఏడేళ్ళప్పుడు హాస్టల్ బడికి కొఫ్తెతోనే వెళ్ళాడు, వాళ్ళ సామీ జాతి పిల్లలందరూ అలాగే వెళ్ళారు. మొదటి రోజే విప్పించి, అందరూ చూస్తుండగా పొయ్యిలో పడేశారట. ఎందుకని అడిగితే ఇప్పటికీ నోరు విప్పడు. నేను ఊహించుకోగలను గాని రాయబుద్ధి కావడం లేదు. అప్పట్నుంచి ఆయన ఒంటి మీద కొఫ్తె లేదు. మా పెళ్ళిలో ఆ బూడిదరంగు కోటు కథ కూడా అదే. అలాంటి మనిషి పోయిన సెప్టెంబరులో వాళ్ళమ్మ దగ్గర కూర్చుని, పిల్లకి ఒకటి చెయ్యమ్మా అని తనే అడిగాడు. ఆవిడ లేచి కాఫీలో చక్కెర బదులు ఉప్పు కలుపుకుని తాగేసింది.

నీ బునాద్ మే పదిహేడున జెండా పండక్కి వేసుకుంటుంది. రిస్తెన్ మాటిచ్చింది. నీ కష్టం నాకు తెలీదనుకోకు.

నీ చెల్లి
రాగ్నా

*

ఉల్విక్
1973 ఫిబ్రవరి 27

రాగ్నా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని చదివాను. ఎలా చదివినా ఒకటే ఉంది.

క్లెమెత్ సంగతి చదివి కడుపు తరుక్కుపోయింది. ఏడేళ్ళ పిల్లాడి ఒంటిమీంచి వెచ్చటి బట్ట విప్పి పొయ్యిలో వేసినవాళ్ళు మనుషులేనా? పోయింది నేను తిరిగి తేలేను గాని, నాకు చేతనైంది ఒకటి చేస్తున్నాను. పెట్టె వచ్చాక చూడండి.

అయితే దానికీ దీనికీ ముడిపెట్టకు. కొఫ్తెతో చర్చికా? మతి ఉండే రాశావా? మీ అత్తగారు ఎన్ని ఎర్ర పట్టీలు వేసినా పేల కొఫ్తె పేల కొఫ్తేనే. పశువుల కొట్టంలోకీ, పడవలోకీ, కట్టెలు కొట్టుకోడానికీ అది బంగారం, నేను కాదనను. కాస్త తడిసిందంటే గొర్రె కంపు కొడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకోవాలి. అలాంటిది వేసి పిల్లని దేవుడి ముందు నిలబెడతారా? మీ ఊళ్ళో ఎవరూ ఏమీ అనరా? లేక అందరూ అలాగే వస్తారా?

పైగా మే పదిహేడట! జెండా పట్టుకుని వీధులు తిరగడానికా నేను రెండు చలికాలాలు కళ్ళు పోగొట్టుకుంది? అత్తగారి మాటకి ఎదురు చెప్పలేక ఇదంతా నాకు అంటగడుతున్నావు. నిన్ను నేనే పెంచాను, నీ సంగతి నాకు తెలీదూ? ఆవిడతో నేను చెప్పానని చెప్పు. ఆ కొఫ్తె శుభ్రంగా ఉతికి, చలికాలానికి దాచిపెట్టమను. చర్చికి మాత్రం మనుషులు వేసుకునే బట్ట వెయ్యండి.

లీవ్ కచ్చాకుట్లు వేసి పంపుతాను. తొడిగి చూసి రాయి.

సిన్నెవా

*

కౌతొకైనొ
1973 మార్చి 11

సిన్నెవాకి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం వచ్చేసరికి అందరం భోజనాల దగ్గరున్నాం. పెద్దమ్మ ఉత్తరం నేను చదువుతానని రిస్తెన్ లాక్కుంది. మొదటి నుంచీ గట్టిగా చదివింది. పేల కొఫ్తె. గొర్రె కంపు. మనుషులు వేసుకునే బట్ట. అక్కడికొచ్చేసరికి ఆగి నానమ్మ మొహం చూసింది. అయినా నీ మీద గౌరవం కొద్దీ చివరిదాకా చదివింది పిచ్చిపిల్ల. మా అత్తగారు మన భాష మాట్లాడలేదు గాని అర్థం చేసుకుంటుంది. పేను అన్న మాట ఆవిడకి బాగా తెలుసు. తెలిసేలా చేశారు.

క్లెమెత్ చెంచా కింద పెట్టాడు. "నా కొఫ్తె కాల్చింది పేలున్నాయనే. ఒక్క పేను కూడా లేదు. మా అమ్మ ముందురోజే నన్ను కూర్చోబెట్టి దువ్వింది" అన్నాడు. ఇన్నేళ్ళుగా నాతో కూడా చెప్పని మాట నీ ఉత్తరం ఆయన నోట చెప్పించింది. తర్వాత లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అత్తగారు ఆ కొఫ్తెని మడిచి పెట్టెలో అడుగున పెట్టేసింది. ఎర్ర పట్టీలు వెయ్యడం ఆపేసింది. రిస్తెన్ నాతో మాట్లాడటం లేదు, నేను నీ చెల్లెల్ని కదా!

హాస్టల్లో ఆ మాటలు అన్నవాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళు అంటే వీళ్ళు పడ్డారు. నువ్వు అంటావని నేను కల్లో కూడా అనుకోలేదు. నన్ను పెంచిన మనిషివి, నా మొగుడి బాధ చదివి కడుపు తరుక్కుపోయిందని రాసి, ఆ కిందే అంత మాట రాశావు.

ఈస్టర్‌కి రావద్దు. నీ బునాద్ వద్దు. పెట్టె వస్తే విప్పను, వచ్చినట్టే తిప్పి పంపుతాను.

రాగ్నా

*

ఉల్విక్
1973 మార్చి 22

రాగ్నా,

పెట్టె నీ ఉత్తరం అందకముందే పోస్టులో వేశాను. లేకపోతే వేసేదాన్ని కాదు.

నేనన్నదేమిటి? పిల్లకి చర్చిలో మంచి బట్ట వెయ్యమన్నాను. దానికి నన్ను పిల్లల బట్టలు పొయ్యిలో కాల్చేవాళ్ళతో జమకట్టావు. నీ మొగుణ్ణి నేను ఒక్క మాటన్నానా? మీ అత్తగారిని అన్నానా? అన్నది ఒక కొఫ్తెని. కొఫ్తెని అంటే ఇంటిల్లిపాదికీ అంత రోషమా? ఆ లెక్కన నన్నెంతమంది ఎంతెంత అన్నారో. ఆ జర్మనావిడ మీద నేను కోర్టుకెక్కాలి.

ఆలోచించి ఆలోచించి బుర్ర వాచిపోయింది. రావద్దన్నచోటికి వచ్చే అలవాటు నాకు లేదు. ఓడ టిక్కెట్టు వాపసు ఇచ్చేశాను. ఇక్కడ గొర్రెలకి ఈతలు దగ్గరపడ్డాయి, అవైనా నన్ను రమ్మంటాయి.

రిస్తెన్‌కి నా ఆశీస్సులు చెప్పు. చెప్పకపోయినా సరే.

సిన్నెవా

*

టెలిగ్రామ్
కౌతొకైనొ, 1973 మార్చి 30

కొఫ్తె అర్థమైంది. లీవ్ మరీ ఇరుకు. ఊపిరాడటం లేదు. వెంటనే రా. రాగ్నా

*

కౌతొకైనొ
1973 మార్చి 30

అక్కా, అక్కా, అక్కా,

టెలిగ్రామ్ ఈపాటికి అంది ఉంటుంది. మొదటి నుంచీ చెప్తాను.

పెట్టె నిన్న వచ్చింది. నేను విప్పనని గుమ్మం దగ్గరే పెట్టాను. మా అత్తగారు అటు నాలుగుసార్లు తిరిగి, కత్తి తెచ్చి తాడు కోసేసింది. వచ్చిన వస్తువుని విప్పకుండా చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పైన రిస్తెన్ లీవ్ ఉంది. దాని కింద కాగితంలో చుట్టి ఇంకేదో మెత్తగా ఉంది, మీద నీ చీటీ. రిస్తెన్ చదివింది. "మరిది క్లెమెత్‌కి. బళ్ళో కాల్చినదానికి బదులు. ఇది అసలైన పేల కొఫ్తె, ఒక్క పేను కూడా తప్పిపోలేదు."

అక్కా, ఆ క్షణంలో నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. క్లెమెత్ మొహం నెత్తురు చుక్క లేకుండా పోయింది. అత్తగారు మాత్రం కాగితం చింపి దాన్ని బయటికి లాగింది.

నల్ల ఉన్ని, తెల్ల చుక్కలు. వెండి గుండీలు. నాన్న పడవలోకి వేసుకునేవాడు చూడు, అచ్చం అలాంటిది.

నేను నేలమీద కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో వాళ్ళకి తెలీలేదు. జనవరిలో నువ్వు పేలతో కళ్ళు పోతున్నాయని రాస్తే నేను చదివి నవ్వుకున్నదాన్నే! పదిహేడేళ్ళు ఇక్కడ ఉండేసరికి ఆ మాట నా చెవిలో మారిపోయింది. ఇక్కడ కొఫ్తె అంటే అల్లేది కాదే. నీలం ఉన్నిబట్టతో కుట్టే అంగీ. మోకాళ్ళ కిందికి ఉంటుంది, అంచుకి కుచ్చులు, మీద ఎర్ర పట్టీలు. పెళ్ళికీ, చర్చికీ, పాతిపెట్టేటప్పుడూ అదే. మీకు బునాద్ ఎంతో వీళ్ళకి కొఫ్తె అంత. నువ్వు అల్లిక కోటుని తిడుతుంటే నేను వీళ్ళ పరువుని తిట్టావనుకున్నాను. గొర్రె కంపన్నావు, ఇక్కడ గొర్రెలే లేవు, ఇంకెవర్నంటున్నావో అనుకున్నాను.

ఇదంతా క్లెమెత్‌కి చెప్పడానికి గంట పట్టింది. దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అయితే మీవాళ్ళు పేలని ఒక్కొక్కటే అల్లి ఎక్కించుకుంటారా? జర్మన్లు డబ్బిచ్చి మరీ కొనుక్కుంటారా? ఊరికే లేని పేలకి మాది కాల్చారే" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని నవ్వులా లేదు. తర్వాత తొడుక్కున్నాడు. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది, పదిహేడేళ్ళ కిందట ఒక్కసారి చూసి ఎలా గుర్తుపెట్టుకున్నావో! ఆయన దాన్ని విప్పకుండానే పడుకున్నాడు. ఇవాళ దాంతోనే మంచు మీదికి చేపలకి వెళ్ళాడు.

అత్తగారు దాన్ని తిరగేసి వెనక వైపు పోగులు చూసి ఏదో గొణిగింది. రిస్తెన్ చెప్పింది, "ఈవిడ చెయ్యి మంచిది" అందట. ఆ వెంటనే పెట్టె అడుగు నుంచి కొఫ్తె తీసి పట్టీలు మొదలుపెట్టింది.

అప్పటికప్పుడు బొమ్మ వచ్చే కెమెరా అడిగి తెచ్చి తీసిన ఫొటో పెడుతున్నాను. ఇదీ కొఫ్తె. పట్టీలు సగమే పడ్డాయి, రిస్తెన్ మొహంలో కోపం కూడా సగం ఉంది, అది పట్టించుకోకు. రా అక్కా. లీవ్ మాత్రం నిజంగానే చాలదు, పిల్ల భుజాలు వాళ్ళ నాన్నవి. నేను పంపిన కొలతలు తప్పు. అదీ నా మీదే వెయ్యి.

నీ
రాగ్నా

*

ఉల్విక్
1973 ఏప్రిల్ 8

ఒసే రాగ్నా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. టెలిగ్రామ్ వారం కిందటే వచ్చింది. ఆ వారం నేనేం పడ్డానో ముందు విను.

టెలిగ్రామ్ ఊలినాకి ఫోన్లో చదివారు. మన భాషలో రవికెకీ బతుక్కీ ఒకే మాట పెట్టినవాణ్ణి పట్టుకుని తన్నాలి. లీవ్ ఇరుకు, ఊపిరాడటం లేదు, వెంటనే రా! ఊలినా ఆ కాగితం నా చేతికి ఇవ్వకముందే కొట్లో ఉన్న అందరికీ చదివింది. ఉత్తరాదికి పోయిన రాగ్నా బతుకు ఇరుకైపోయింది, ఊపిరాడటం లేదట పాపం అని సాయంత్రానికి లోయంతా తెలిసిపోయింది. మొగుడు కొడతాడా అని ఇద్దరు అడిగారు. పాస్టరు భార్య కేకు పట్టుకొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అది రవికె తల్లీ అని చెప్తే, "అలాగే అనుకో సిన్నెవా, ధైర్యంగా ఉండు" అని వీపు తట్టింది. కొఫ్తె అర్థమైంది అన్న ముక్క ఎవరికీ అర్థం కాలేదు, అందుకని దాన్ని వదిలేశారు. నాకూ అర్థం కాలేదనుకో.

ఇంకా ఉంది. టిక్కెట్టు వాపసు ఇచ్చాను కదా, ఈస్టర్‌కి ఓడలో మంచాలన్నీ నిండిపోయాయి. ఊలినా ఓడ ఆఫీసుకి తనే ఫోను చేసి, చెల్లెలి బతుకు ఇరుకులో పడింది బాబూ అని ఏడ్చిందట. వాళ్ళు జాలిపడి ఎవరో గుమస్తాకి అట్టేపెట్టిన మంచం నాకిచ్చారు. అక్కడ మాత్రం నేను దిద్దలేదు. లీవ్ ఇరుకన్నది నిజమే కదా!

ఇక నీ సంగతి. దాన్ని కొఫ్తె అంటారని నాకెవరు చెప్పారే? పోస్టుకార్డు బొమ్మల్లో ఆ నీలం అంగీలు నేను చూడలేదా? ఇక్కడ వాటిని ఎవరూ కొఫ్తె అనరు. ఈ పదిహేడేళ్ళలో నువ్వు పంపిన ఫొటోల్లో నిండా మంచు, ఆ మంచులో దూరంగా రెయిన్‌డీర్ల కొమ్ములు. ఒక్క దాంట్లోనైనా మీ అత్తగారు ఉందా? ఈ ఫొటో జనవరిలో పంపి ఉంటే నాకు ఈ తలనొప్పి, వాళ్ళకి ఆ ఏడుపు తప్పేవి. నీ మీద కోపం పోలేదు, చెప్తున్నా.

ఫొటో భూతద్దం పెట్టి చూశాను. ఆ పట్టీలు మలుపు తిరిగే చోట ఎక్కడా ముడత లేదు. అలా తిప్పడం నాకు రాదు. ఎలా తిప్పిందో నువ్వు అడగొద్దు, నువ్వు అడిగితే తప్పు రాస్తావు. నేనే వచ్చి ఆవిడ పక్కన కూర్చుని చూస్తాను. అలాంటిదాన్ని పట్టుకుని పశువుల కొట్టానికి అని రాశాను. రాసింది అల్లిక కొఫ్తె గురించే అయినా, ఆ పిల్ల నోట గట్టిగా చదివించాను కదా. ఆ మాట తల్చుకుంటే రాత్రి అన్నం దిగలేదు.

చర్చికి కొఫ్తే వెయ్యండి. నాకు కష్టంగానే ఉంది. లేదని రాస్తే అబద్ధమవుతుంది. బునాద్ వేసుకుని పిల్ల మెట్లెక్కుతుంటే చూడాలని రెండు చలికాలాలు కలగన్నాను, కల ఒక ఉత్తరంతో పోదు. కానీ క్లెమెత్ అడిగి చేయించుకున్నదాని ముందు ఎవరూ అడక్కుండా నేను కుట్టింది వెనక నిలబడాల్సిందే. లీవ్ లోపల కుట్టు పక్కన గుడ్డ ఎక్కువే వదిలాను, విప్పి పెద్దది చేస్తాను. రేపెప్పుడో తన పెళ్ళికి ఏం వేసుకుంటుందో మాత్రం ఆ పిల్లని ఇప్పుడే అడక్కు. అది నేను చూసుకుంటాను.

గొర్రెల్ని పక్కింటివాళ్ళకి అప్పగించాను. ఓడ దిగి బస్సులో వస్తాను. క్లెమెత్‌ని బస్సు దగ్గరికి పంపు. ఆయన మొహం నాకు గుర్తులేదు, గుర్తున్నవి ఆ బూడిదరంగు కోటూ, ఆ భుజాలూ. అందుకని నేను పంపింది వేసుకుని రమ్మను. నేనూ నాది వేసుకునే దిగుతాను. పేల కొఫ్తెలో ఆయన, పేల కొఫ్తెలో నేను. ఇద్దరం మీ ఊరి నడిమధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికొస్తాం. అప్పుడు ఎవరైనా పేలు అన్న మాట ఎత్తితే, నాతో మాట్లాడమను.

మీ అక్క
సిన్నెవా